తొక్కని పట్నం

వనజ ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి అని చుట్టాలు అంటారు. అది అన్యాయం. తిండికీ బట్టకూ ఆమె ఇంట్లో ఎవరికీ తక్కువ చేసింది లేదు. ఆమె జబ్బు వేరు. కొన్న వస్తువు ఎప్పటికీ కొన్నట్టే ఉండాలి. సోఫా కొని ఆరేళ్ళయినా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. ఎండాకాలం దాని మీద కూర్చుని లేస్తే వీపు తోలు ఊడివచ్చినంత పని. ఫ్రిజ్ తలుపు మీద షాపువాడి స్టిక్కరు అట్లాగే ఉంది. పెళ్ళికి వచ్చిన డిన్నర్ సెట్టు అట్టపెట్టెలోంచి బయటికి రానేలేదు. బిడ్డ పూజ పెళ్ళికి కూడా ఇస్తరాకులే వేసింది మహాతల్లి.

"వాడితే పాతబడుతది" అనేది ఆమె మాట.

"వాడకపోతే మనం పాతబడుతం అమ్మా" అని పూజ ఎన్నిసార్లు ఎక్కిరించిందో! వింటేగా.

భర్త గజేందర్‌కు టైల్స్ వ్యాపారం. సిద్దిపేట పొలిమేరలో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఇంటి వెనక అదే ప్రహరీ లోపల గోదాము. గృహప్రవేశం నాటికి పూజకు ఏడో నెల. అల్లుడు దూరాన భివండిలో మగ్గాల షెడ్డు చూసుకుంటాడు కాబట్టి, కాన్పు పుట్టింట్లోనే అని తల్లి దగ్గరికి తెచ్చుకున్నారు. తొలి కాన్పు. ఈ ఇంటికి తొలి మనుమడో, మనుమరాలో. పాత వస్తువంటే మొహం చిట్లించే వనజ, ఆ బిడ్డ కోసం మాత్రం తన మెత్తని పాత చీరలు ఉతికి, మడిచి, బొంతలు కుట్టి పెట్టింది. రాత్రీ పగలూ ఆమెకు అదే ధ్యాస.

గృహప్రవేశమైన వారానికి, ఐతారం నాడు మల్లన్న పట్నం పెట్టుకున్నారు. పట్నం అంటే ముగ్గే, కానీ ఉత్త ముగ్గు కాదు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, బొగ్గుపొడి కలిపి ఐదు రంగులతో నేల మీద దేవుడికి ఒక ఊరు కడతారు. నాలుగు దిక్కులా వాకిళ్ళు, నడుమ గద్దె. ఒగ్గు పూజారి డమరుకం లాంటి ఒగ్గును వాయిస్తూ కథ చెప్పి, మల్లన్నను పిలిచి ఆ గద్దె మీద కూర్చోబెడతాడు. చివరకు పాడుతూ, ఉత్త కాళ్ళతో ఆ పట్నాన్ని తానే తొక్కేస్తాడు. మూడు గంటలు నడుము వంచి వేసింది మూడు నిమిషాల్లో చెరిగిపోతుంది.

చిన్నకోడూరు నుంచి సిద్ధయ్య తాత వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. మెడలో గవ్వల దండ, భుజాన బండారి సంచి. బండారి అంటే మల్లన్న పసుపు. రాగానే అందరి నొసళ్ళకూ పెట్టి, వనజ అరచేతిలో ఒక చిటికెడు పోశాడు. అందరూ మొహానికి పూసుకున్నారు. వనజ మాత్రం కాగితంలో పొట్లం కట్టి, అద్దాల బీరువాలో ఉన్న వెండి భరిణెలో దాచింది.

హాలు నడుమ పట్నం లేచింది. ఆ పసుపు మీద ఆ కుంకుమ గీతలు, ఆ సన్నని తెల్లని అంచులు చూస్తుంటే ఎవరికీ రెప్ప పడలేదు. వచ్చినవాళ్ళంతా ఫోన్లు తీసి ఫొటోలు కొట్టారు. కథ అయింది, పిలుపు అయింది. పిలుపు వేళ ఇంటి తలుపులన్నీ వాటంతట అవే ఒక్కసారి కదిలి ఆగాయి. గాలి అనుకున్నారు. ఇక సిద్ధయ్య పంచె ఎగ్గట్టి కాలు ముందుకు పెట్టబోయాడు.

"ఆగు తాతా!" వనజ అడ్డం వచ్చింది. "గింత మంచిగ ఏసి తొక్కుడేంది? ఉండనియ్యి."

"తొక్కేటందుకే ఏసిన బిడ్డా. మల్లన్నను పిలిచినం, కూసుండవెట్టినం. తొవ్వ ఇడిస్తెనే పోతడు."

"దేవుడు ఇంట్లుంటె మంచిదే కద తాతా!" అన్నాడు గజేందర్. అందరూ నవ్వారు. "మీద అద్దం ఏపిస్త. పది కాలాల పాటు ఉంటది."

సిద్ధయ్య నవ్వలేదు. "దేవుడు చుట్టం లెక్క బిడ్డా. వచ్చి పోతెనే చుట్టం. తొవ్వ మూసి ఆపితె ఏమంటరు దాన్ని?"

ఇచ్చిన సంభావన కూడా ఆయన ముట్టుకోలేదు. "సగం పనికి కైకిలి తీసుకోను" అని సంచి భుజాన వేసుకున్నాడు. "పిలిచినోణ్ణి నేను. పంపేదాక నాకు ఇంకో ఇంట్ల పట్నం లేదు. ఐతారం ఐతారం వస్త."

మర్నాడే పట్నం చుట్టూ నల్ల గ్రానైటు గట్టు కట్టి, పైన దళసరి అద్దం దించి, సందుల్లోకి చీమ కూడా దూరకుండా గజేందర్ దగ్గరుండి మైనం లాంటి మందు పట్టించాడు. వనజ రోజూ ఆ అద్దం తుడిచి మురిసిపోయేది.

ఆ వారమంతా ఇల్లు పండగలాగే ఉంది. గుమ్మానికి కట్టిన మామిడి తోరణం వాడలేదు. కోసిన పూట ఎట్లా ఉందో అట్లాగే నిగనిగలాడుతోంది. దేవుడి గూట్లో దీపానికి నూనె పొయ్యడం మరిచిపోయి వనజ నాలిక కరుచుకుంది. చూస్తే దీపం వెలుగుతూనే ఉంది, ప్రమిద నిండుగానే ఉంది.

రెండో వారం సంగతి అంట్లు తోమే కొండవ్వ కనిపెట్టింది.

"అవ్వా, గీ సబ్బు సూడు. పది దినాలాయె, అరుగుతలేదు."

"మంచిదే కదనే! మంచి కంపెనీది."

"కంపెనీది కాదవ్వా" అంది కొండవ్వ, సబ్బు మీద అచ్చులను వేలితో తడుముతూ. "మా ఇంట్ల ఇదే సబ్బు. మూడు దినాలకు కరుగుతది."

వనజ వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసింది. పది రోజులుగా రోజూ సోలెడు తీస్తున్నా బియ్యం అంచు దాకా ఉన్నాయి. గ్యాస్ బండను ఊపి చూసింది. నిండు బండే. ఆమె గుండె ఝల్లుమంది. అబద్ధం ఎందుకు, భయంతో కాదు, సంతోషంతో. కొన్నది కొన్నట్టే ఉండాలని కదా ఆమె పుట్టినప్పటి నుంచి కోరుకున్నది!

గజేందర్ సంతోషానికైతే పట్టపగ్గాల్లేవు. పొద్దున లారీకి ఎత్తించిన టైల్స్ సాయంత్రం గోదాములో మళ్ళీ అంతే ఎత్తున పేర్చి ఉంటున్నాయి. "మల్లన్న ఇచ్చిండే! నీ పుణ్యమే!" అని పెళ్ళానికి చెయ్యెత్తి మొక్కాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

కొండవ్వ మాత్రం మర్నాటి నుంచి పనికి రాలేదు.

ఇంత కలిమిలో ఒక్క వెలితి ఉండేది. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. కంచం నిండా తిని చెయ్యి కడుక్కుంటే, తినడానికి ముందు ఎంత ఆకలో కడుపులో అంతే ఆకలి. రాత్రంతా పడుకుని లేచినా కంటి మీద కునుకు బరువు అట్లాగే ఉండేది. అలవాటవుతుందిలే అనుకున్నారు. మనుషులు దేనికైనా అలవాటు పడతారు మరి.

తర్వాత పాలు తోడుకోలేదు. వనజ మూడు రాత్రులు తోడు వేసింది. తెల్లారి చూస్తే పాలు పాలే. ఇడ్లీ పిండి పొంగలేదు. పూజకు మంచిదని పెసలు నానబెట్టి గుడ్డలో కట్టింది. నాలుగు రోజులైనా ఒక్క గింజకు మొలక రాలేదు. అయిదో రోజు ఆ మూట విప్పి చూస్తూ వనజ వంటింట్లో చాలాసేపు నిలబడింది. పెసలు నున్నగా, పచ్చగా, ఇప్పుడే నానబెట్టినట్టు ఉన్నాయి. ఆమె మూట తీసుకుపోయి కొత్తిమీర మడిలో పారేసింది. ఆ మడిలో కూడా పట్నం వేసినప్పటి నుంచి ఒక్క కొత్త ఆకు లేదని అప్పుడు గానీ ఆమె కంటికి ఆనలేదు.

ప్రతి ఐతారం పొద్దున బస్సు దిగి సిద్ధయ్య వచ్చేవాడు. గేటు బయట, ఎండలో, నేల మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. మధ్యాహ్నం దాకా ఉండి లేచి వెళ్ళిపోయేవాడు. వనజ కిటికీ పరదా పక్కకు జరిపి చూసి, మళ్ళీ మూసేది.

ఒకనాడు అద్దం తుడుస్తుంటే దాని మీద చెయ్యెడల్పు మసక కనిపించింది. గుడ్డతో రుద్దింది. పోలేదు. మసక లోపలి వైపు ఉంది. చలికాలం అద్దం ముందు నోరు తెరిస్తే పడే ఆవిరిలాంటిది. ఆమె చూస్తుండగానే అది మెల్లగా మాసిపోయి, మళ్ళీ మెల్లగా వచ్చింది. మాసిపోయింది. వచ్చింది. వనజ గుడ్డ అక్కడే వదిలేసి లేచింది. ఆ రోజు నుంచి అద్దం తుడవలేదు.

నెల తిరిగింది. పూజను స్కానింగ్‌కు దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ తెర మీదికి చూసింది, పాత కాగితాలు చూసింది, మళ్ళీ తెర చూసింది. పక్క గదిలో ఇంకో మిషన్ మీద మళ్ళీ తీయించింది.

"పోయిన నెల కిలోన్నర. ఇప్పుడూ కిలోన్నర" అంది చివరకు. "గుండె మంచిగనే కొట్టుకుంటుంది. నీళ్ళు మంచిగనే ఉన్నయి. బిడ్డ మాత్రం పెరుగుతలేదు. ఒక్క గ్రాము కూడా. ఎల్లుండి కల్లా హైదరాబాద్‌ల పెద్ద డాక్టరుకు చూపించుండ్రి. అవసరమైతే ఆపరేషన్ చేసి బయటికి తీస్తరు."

ఇంటికి వచ్చాక పూజ తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీకొకటి చెప్తలేను ఇన్ని దినాల నుంచి. బిడ్డ కదులుతది. రోజు కదులుతది. గని పొద్దున పదిన్నరకు, మూడుసార్లు. గంతే. మళ్ళ తెల్లారి పదిన్నర దాక సప్పుడుండదు."

"ఎప్పటి సంది?"

"పట్నం ఏసిన్నాటి సంది." పూజ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఆ రోజు కూడ గట్లనే కదిలింది. తాత పిలుస్తుంటె. మూడుసార్లు. బిడ్డకు ఆ రోజే మళ్ళ మళ్ళ తెల్లారుతున్నట్టున్నదమ్మా."

వనజ పూజను పడుకోబెట్టి, బీరువా తీసి, తాను కుట్టిన బొంతలు ముందేసుకుని కూర్చుంది. గీ బొంతల మీద నా బిడ్డ బిడ్డ పండుకోదా మల్లన్నా అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు ఐతారం. ఐదో ఐతారం. పొద్దున పదిన్నరకు వనజ పూజ పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. ఒకటి, రెండు, మూడు. ఆగిపోయింది. చెయ్యి తియ్యకుండా పదకొండున్నర దాకా కూర్చుంది. నాలుగోది రాలేదు.

లేచి హాల్లోకి వచ్చి, ఇన్నాళ్ళూ వంక చూడని పట్నం ముందు వంగి చూసింది. గద్దె, వాకిళ్ళు అన్నీ ఉన్నాయి. కానీ నాలుగు అంచుల పొడవునా రంగులు కలగాపులగమైపోయాయి. తెల్ల గీత పసుపులోకి, పసుపు నలుపులోకి ఈడ్చుకుపోయి ఉన్నాయి. గట్టు వెంబడి అడుగు వెడల్పున ఒక బాట పడింది. ఎవరో దారి కోసం చుట్టూ తిరిగి తిరిగి అరగదొక్కిన బాట. ఒక్క గాలి పోగు దూరని ఆ అద్దం కింద!

"అయ్యో, నా తండ్రీ" అంది వనజ పైకే. అప్పటిదాకా తన బిడ్డ కోసం ఏడ్చిన మనిషి, ఆ బాట చూసి దేవుడి కోసం ఏడ్చింది.

చెంబుతో నీళ్ళు పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది. సిద్ధయ్య ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. ఐదు వారాలకు మనిషి సగమయ్యాడు.

"తాతా, తప్పయింది. లోపలికి రా. పంపించు."

ఆయన నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు. "పంపుత బిడ్డా. గని అద్దం నేను పలగ్గొట్ట. ఆపిన చెయ్యే తియ్యాలె. ఇంకోటి ఇను. గీ ఇంట్ల ఆగినయన్ని ఒక్కసారె నడుస్తయి. నీకు మిగులుతదనుకున్నది మిగలదు. మళ్ళ నన్ను అనద్దు."

"బిడ్డ?"

"బిడ్డ సంగతి నాకు తెల్వదు. మల్లన్నకు తెలుసు. తెల్వని దాన్ని తెలుసంటె నా నాలిక పడిపోతది."

లోపలికి వచ్చేసరికి గజేందర్ గోదాములోంచి వచ్చి హాల్లో అడ్డం నిలబడ్డాడు. సంగతి అర్థమై మొహం నల్లబడింది.

"నీకేమన్న పిచ్చా? రేపు పొద్దుగాల పూజను హైదరాబాద్ తీస్కపోతున్నం కద. ఎంత పెద్ద డాక్టరైన సరె. గియ్యాల గిది చెడగొడితె రేపు ఆ దవాఖానకు ఏం తెచ్చి కడుతమే?"

"డాక్టరు కోసి కిలోన్నర బిడ్డను చేతుల పెడుతడు. తెచ్చి గీ ఇంట్లనే కద పండవెడుతం? పెరుగుతదా? గా కొత్తిమీర పెరిగిందా?"

"ఒక్క నెల ఆగవే. ఒక్క నెల! ఏడు తరాలు కూసుండి తింటరు!"

"తిని తిని నీ ఆకలి తీరుతుందా?" వనజ అరిచింది. "నిజం చెప్పు. నెల నుంచి నీ కడుపు ఒక్కపూటన్న నిండిందా? నీ గోదాం నిండితె సరిపోయెనా, నా బిడ్డ కడుపు పండద్దా?"

గజేందర్ పక్కకు జరగలేదు. ఆపనూ లేదు. వనజ వంటింట్లోకి వెళ్ళి గృహప్రవేశానికి కొన్న కొత్త రోకలి తెచ్చింది. దానికీ ప్లాస్టిక్ కవరు ఉంది. పళ్ళతో చింపి పారేసింది. రోకలి ఎత్తి రెండు చేతులా దించింది.

మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు అద్దమంతా ఒక్కసారి తెల్లబడి, పటికబెల్లం పలుకుల్లాగ కూలిపోయింది. దాని కిందినుంచి పసుపు వాసన గుప్పున లేచింది. దాంతోపాటు ఎవరో చాలాకాలంగా బిగబట్టిన ఊపిరి వదిలిన చప్పుడు. ఆ ముగ్గురూ విన్నారు. లోపలి గదిలో పడుకున్న పూజ కూడా విన్నది.

"తలుపులు తెరువుండ్రి. అన్ని తెరువుండ్రి" అన్నాడు సిద్ధయ్య. "నువ్వు నా ఎనక నడువు బిడ్డా."

ఒగ్గు మోగింది. ఆయన పాట ఎత్తుకున్నాడు. అది పిలుపు పాటకు మల్లే గట్టిది కాదు. పొలిమేర దాకా వచ్చి చుట్టాన్ని సాగనంపే మనిషి మాట్లాడినట్టు మెల్లగా, చనువుగా ఉంది. మళ్ళీ రమ్మంటోంది, ఏమైనా తక్కువ చేస్తే మనసులో పెట్టుకోవద్దంటోంది. ఉత్త కాళ్ళతో ఆ పలుకుల మీదనే గద్దె దాకా నడిచి, తొక్కి, తూర్పు వాకిలి తుడిచేశాడు. వనజ వెనకే నడిచింది. అరికాళ్ళలో పలుకులు గుచ్చుకున్నాయి. కుంకుమేదో నెత్తురేదో తెలియలేదు. ఆ నిమిషాన ఆమెకు ఇల్లు గుర్తు లేదు, సోఫా గుర్తు లేదు. నెల రోజులు దేవుడు ఇంట్లో ఉన్నప్పుడు లేని నిండుతనం, ఆయన్ను పంపిస్తున్నప్పుడు ఆమె గుండెలోకి వచ్చింది.

చివరి గీత చెరగగానే లోపలినుంచి బయటికి గాలి కొట్టింది. పరదాలు వీధి వైపుకు లేచాయి. దీపం ఆరింది. వంటింట్లో పొయ్యి మీద మంట కూడా టప్పున ఆరింది. గుమ్మానికి ఉన్న మామిడాకులు ఒక్క క్షణంలో ఎండి, గలగలమని రాలాయి. సోఫా మీది కవరు పసుపు తిరిగి, చిట్లి, పెళుసులు పెళుసులుగా కింద పడింది. వంటింట్లోంచి విరిగిన పాల వాసన. గోదాములో ఏదో కూలినట్టు పెద్ద చప్పుడైంది. గజేందర్ పరుగెత్తుకు వెళ్ళి, కాసేపటికి వట్టి చేతులతో వచ్చి, మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏం లేదే" అన్నాడు. "ఉత్త జాగ."

వనజ ఆయన వంక చూడలేదు. పూజ గదిలోకి వెళ్ళింది. పూజ గోడకు ఆనుకుని, రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని కూర్చుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సప్పుడు లేదమ్మా" అంది.

ఆగినవన్నీ నడిచాయి, నడిచినవన్నీ పోయాయి. బిడ్డ కూడా ఆ గాలి వెంటే పోయిందా? గుమ్మంలో సిద్ధయ్య నిలబడ్డాడు. సంచిలో చెయ్యి పెట్టి, ఒక చిటికెడు బండారి తీసి వనజ అరచేతిలో పోశాడు.

నలభై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! ఆమె గుప్పిలి మూసుకుంది. కాళ్ళు తమంతట తామే బీరువా వైపు, వెండి భరిణె వైపు రెండడుగులు వేశాయి. మూడో అడుగు దగ్గర ఆగింది. తన గుప్పిలి వంక తానే చూసుకుంది. సిగ్గుతో కళ్ళు మండాయి.

వెనక్కి వచ్చి, కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పసుపంతా పూజ పొట్ట మీద రెండు చేతులా పూసింది. ఒక్క రేణువు మిగుల్చుకోలేదు. చేతులు అక్కడే ఉంచి కళ్ళు మూసుకుంది.

కొంతసేపు ఏమీ లేదు.

తర్వాత అరచేతి కింద మెత్తగా, లోపలినుంచి, ఒక తన్ను.

వనజ కళ్ళు తెరిచి గోడ గడియారం చూసింది. ఒకటిన్నర. పదిన్నర కాదు, ఒకటిన్నర. పూజ ఏడుస్తూ నవ్వుతోంది. ఇంకో తన్ను, ఇంకోటి, ఆపకుండా మళ్ళీ ఇంకోటి. ఎన్నో వనజ లెక్కపెట్టలేదు.